టవర్‌కు వినబడాలి

టవర్ ఎక్కే ప్రతి పరికరానికీ తయారీదారులు ఒక పత్రం రాస్తారు. బరువెంత, పొడవు వెడల్పులెంత, ఎన్ని వాట్లతో ప్రసారం చేస్తుంది, ఏ బ్యాండ్‌లో పనిచేస్తుంది, ఎంత ఎండకు ఆగుతుంది, ఎంత గాలికి నిలుస్తుంది, అన్నీ అంకెల్లో ఉంటాయి. యాంటెనా, రేడియో రెండూ ఒకే పెట్టెలో కలిసిపోయిన యూనిట్ల పత్రాలు ఈమధ్య శ్రద్ధగా చదువుతున్నాను. చదువుతున్నంతసేపూ మనసు ఇల్లందు నుంచి కొత్తగూడెం పోయే దారిలో, టేకులపల్లి దగ్గర తచ్చాడుతూ ఉంటుంది. ఆ తారు రోడ్డు మీద ఫోన్‌కు ఇబ్బంది లేదు. రోడ్డు దిగి అడవిలోకి, తండాల వైపో కోయ గుంపుల వైపో నడిస్తే తెర మీద గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. అక్కడ నిలబడి చదవాల్సిన పత్రాలివి అనిపిస్తుంది.

కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ముందు చూసేది ప్రసార శక్తి వరుస. నలభై వాట్లా, రెండు వందల వాట్లా? పెద్ద అంకె ఉంటే పెద్ద పరికరం అని లెక్క. నాకు మాత్రం ఆ వరుస దాటాక, కాస్త కిందుగా, చిన్న అక్షరాల్లో ఉండే ఇంకో విషయం మీదే చూపు నిలుస్తుంది. ఈ పెట్టె ఎంత సన్నని సంకేతాన్ని వినగలదు?

చేతిలోని మామూలు 4జీ ఫోన్ గట్టిగా ప్రయత్నించినా పంపగలిగేది 0.2 వాటు. టవర్ మీది రేడియో ఒక్కో దారిలో 40 వాట్లు పంపుతుంది. అంటే టవర్ మాట మనకు వినిపించడంలో ఉన్న సులువు మన మాట టవర్‌కు వినిపించడంలో లేదు. తెర మీద రెండు గీతలు కనిపిస్తున్నా ఫోన్ కలవకపోవడం అడవి అంచు ఊళ్లలో అందరికీ అనుభవమే. ఆ గీతలు చెప్పేది ఒక వైపు సంగతే, టవర్ మనకు వినబడుతోందని. మనం టవర్‌కు వినబడుతున్నామో లేదో చెప్పే గీత ఫోన్‌లో లేదు.

ప్రపంచమంతటి మొబైల్ ప్రమాణాలు రాసే త్రీజీపీపీ అనే సంస్థ 4జీ పెద్ద టవర్లు కనీసం ఇంత సన్నని సంకేతాన్ని అందుకోవాలని ఒక హద్దు పెట్టింది: మైనస్ 101.5 డీబీఎం. ఆ అంకెను విడమరిస్తే, ఒక వాటును లక్ష కోట్ల ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను మళ్లీ పద్నాలుగు చేస్తే వచ్చే పాటి శక్తి. మంచి పరికరాలు ఇంతకంటే సన్నగా కూడా వింటాయి. అడవిలోంచి వచ్చే పిలుపు ఈ పాటిదే. దాన్ని ఎవరు ఎంత జాగ్రత్తగా అందుకుంటారన్నది ఆ పెట్టె పుట్టుపూర్వోత్తరాల్లోనే ఉంది. అందుకే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మొదటి రోజుల్లో రేడియో టవర్ మీద ఉండేది కాదు. అడుగున ఒక గది, అందులో ఏసీ, బీరువాల వరసలో రేడియోలు. పైన ఉండేది ఉత్త యాంటెనా. రెంటికీ మధ్య బొటనవేలి కంటే లావైన నల్లటి ఫీడర్ కేబుళ్లు. లోహపు తీగలో ప్రయాణిస్తూ సంకేతం వేడిగా మారి కరిగిపోతూ ఉంటుంది. ఫ్రీక్వెన్సీ పెరిగినకొద్దీ కరగడం ఎక్కువ. ముప్పాతిక అంగుళం పైబడిన మంచి కేబుల్‌లోనే, 2100 మెగాహెర్ట్జ్ దగ్గర, 40 మీటర్ల టవర్ దిగేసరికి జాయింట్లూ జంపర్లనే పొట్టి కేబుళ్లూ కలుపుకుని దాదాపు సగం పోతుంది. ప్రసారంలో సగం పోతే అడుగున ఇంకాస్త శక్తి పెంచి సర్దుకోవచ్చు. వినడంలో పోయిన సగాన్ని అలా తిరిగి తెచ్చుకోలేం. మొదటి ఆంప్లిఫయర్‌ను చేరకముందే సంకేతం తగ్గిపోతే, తర్వాత ఎంత పెంచినా దానితో పాటు రొదా పెరుగుతుంది. అడవి అవతలి నుంచి అంత కష్టపడి వచ్చిన మాట, యాంటెనా దాకా చేరి కూడా, ఆ నల్లటి కేబుల్‌లో సగమైపోయేదన్న మాట. ఇది తెలిసినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది.

తర్వాత రేడియోను చిన్నపెట్టెగా చేసి టవర్ పైకి, యాంటెనా వెనక్కి ఎక్కించారు. ఫీల్డ్‌లో ఆర్ఆర్‌యూ అనో ఆర్ఆర్‌హెచ్ అనో అంటారు. కిందికి ఫైబర్ తీగ, కరెంటుకు డీసీ కేబుల్ మాత్రమే దిగుతాయి. లావు కేబుల్ పోయి, రెండు మూడు మీటర్ల జంపర్లు మిగిలాయి. 2011లో ఎరిక్‌సన్ ఆ జంపర్లను కూడా తీసేసి, యాంటెనా లోపలే రేడియోను పెట్టిన యూనిట్‌ను ప్రపంచానికి చూపించింది. అదే ఏడాది ఆల్కాటెల్ లూసెంట్ లైట్‌రేడియో పేరుతో అలాంటి ఆలోచననే ముందుకు తెచ్చింది. ఇప్పుడు చెవికీ బుద్ధికీ మధ్య దూరం కొద్ది సెంటీమీటర్లే. విన్నది విన్నట్టు అక్కడికక్కడే అంకెలుగా మారి ఫైబర్‌లోకి దిగుతుంది.

ఇలా కలిసిపోయిన రకంలో మొదట వచ్చిన పెద్ద 5జీ యూనిట్లు 40 కిలోలు దాటేవి. 2021లో ఎరిక్‌సన్ తెచ్చిన ఏఐఆర్ 3268 బరువు 12 కిలోలు. అందులో 32 రేడియో దారులు, మొత్తం 200 వాట్ల ప్రసారం. బరువు తగ్గడం విలువ కాగితం మీద కంటే టవర్ మీద ఎక్కువ తెలుస్తుంది. ఇటువైపు తండాల నుంచి హైదరాబాద్ వెళ్లి రిగ్గర్ పనిలో కుదిరిన కుర్రాడొకడు నాతో అన్నమాట: "అన్నా, కింద లేపినప్పుడు బరువు లెక్క వేరు, పైన గాల్లో పట్టుకున్నప్పుడు లెక్క వేరు. పైన ప్రతి కిలో మన భుజం మీదే ఉంటది." ఒక మనిషి నడుముకు బెల్టు కట్టుకుని, ఒక చేత్తో పోల్ పట్టుకుని, రెండో చేత్తో బోల్టు తిప్పే చోట 12 కిలోలు అనేది చిన్న అంకె కాదు. పత్రంలో బరువు వరుస చదివినప్పుడల్లా నాకు ఆ భుజమే గుర్తొస్తుంది.

అయితే ఈ కలిసిపోయిన పెట్టెలు అందరికంటే ముందు ఎవరి దగ్గరికి వెళ్లాయి? నగరాలకు. 2022 ఆగస్టు 1న ముగిసిన స్పెక్ట్రమ్ వేలం తర్వాత, అక్టోబర్ నుంచి దేశంలో 5జీ మొదలైంది. ఎక్కువగా 3500 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల బ్యాండ్‌లో. ఆ బ్యాండ్ తరంగం పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. యాంటెనా ముక్కల మధ్య అందులో సగం, నాలుగుంబావు సెంటీమీటర్ల ఎడం చాలు. ఎనిమిది నిలువు వరుసలు, పన్నెండు అడ్డ వరుసలు పేర్చినా మూడో వంతు మీటరు వెడల్పు, అర మీటరు ఎత్తులో ఒదిగిపోతాయి. ఒక్కో చోట రెండు దిశలకు ఒక్కోటి చొప్పున రెండేసి ముక్కలు ఉంటాయి కాబట్టి మొత్తం 192 అవుతాయి. వాటన్నిటినీ సమన్వయంతో నడిపి, ఎవరు మాట్లాడుతుంటే వారి వైపే వినే యంత్రమిది. మాసివ్ మిమో అనేది దీన్నే. వినడంలో ఇంతకంటే నేర్పరి పరికరం మొబైల్ రంగంలో ఇంకా రాలేదని నా నమ్మకం.

అదే పేర్పును 700 మెగాహెర్ట్జ్‌లో చేయబోతే తరంగం 43 సెంటీమీటర్లు, సగం ఎడం 21. ఎనిమిది వరుసలకు మీటరు డెబ్బై సెంటీమీటర్ల వెడల్పు, పన్నెండు వరుసలకు రెండున్నర మీటర్ల ఎత్తు కావాలి. అంత పలకను టవర్ మోయవచ్చు గానీ, దాని మీద పడే గాలిని మోయలేదు. పత్రాల్లో గాలి ఒత్తిడిని మామూలుగా గంటకు 150 కిలోమీటర్ల వేగం దగ్గర లెక్కగట్టి రాస్తారు. పలక వైశాల్యం పెరిగితే ఆ అంకె భయపెడుతుంది. అందుకని 700లో ఇప్పటికీ పొడుగాటి మామూలు యాంటెనా, దాని వెనక విడిగా రేడియో, మధ్య జంపర్లు ఎక్కువగా కనిపిస్తాయి.

ఇక్కడే అడవి అడ్డం వస్తుంది. టేకు ఆకు ఇంచుమించు మూరెడు పెరుగుతుంది, ముప్పై నుంచి అరవై సెంటీమీటర్లు. ఎనిమిదిన్నర సెంటీమీటర్ల తరంగం ముందు అలాంటి ఆకు ఒక్కటే పెద్ద అడ్డు. వందల ఆకులు, తడిసిన ఆకులు, కొమ్మల మీద కొమ్మలు ఉంటే చెప్పనక్కర్లేదు. చెట్లలోంచి రేడియో తరంగం ఎంత తగ్గుతుందో లెక్కగట్టడానికి అమెరికాలో వైస్‌బర్గర్ అనే ఇంజనీరు 1982లో ఒక సూత్రం ఇచ్చాడు. అది సమశీతోష్ణ దేశాల చెట్లను, పొడి ఆకులను దృష్టిలో పెట్టుకున్నది. మన టేకుకు అచ్చంగా అతకదు. అయినా పోలిక కోసం వేసి చూశాను. వంద మీటర్ల దట్టమైన చెట్ల లోంచి దాటితే 700 మెగాహెర్ట్జ్ సంకేతంలో అరవై మూడో వంతు మిగులుతుంది. 2100లో దాదాపు మూడు వందలో వంతు. 3500లో ఏడు వందలో వంతు. వంద మీటర్ల చెట్లకే ఇంత. 0.2 వాటుతో బయల్దేరిన ఫోన్ మాటకు అడవి అంచున ఎదురయ్యే కథ ఇది.

అందుచేత వినడంలో అంత నేర్పరి అయిన పెట్టె ఆకులను దాటి రాలేని బ్యాండ్‌లో ఉంది. ఆకులను దాటగల బ్యాండ్‌లో అంత నేర్పు పట్టే చోటు లేదు. టేకులపల్లి లాంటి చోట ఈ రెండిట్లో దేన్ని ఎంచుకోవాలన్న ప్రశ్నకు జవాబు నా దృష్టిలో స్పష్టం. ముందు 700. ముందు ఎత్తైన టవర్, ముందు జంపర్లు పొట్టిగా, జాయింట్లు గట్టిగా. వేగం తర్వాత.

దేశం ఈ వైపు ఆలస్యంగానైనా చూసింది. తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల్లో 2వేలకు పైగా టవర్లు పెట్టే పథకానికి 2014లో అనుమతి వచ్చింది. అవి సౌరశక్తితో నడిచే 2జీ టవర్లు. 2022 ఏప్రిల్‌లో ఆ 2,343 టవర్లను 4జీకి మార్చాలని కేంద్రం నిర్ణయించింది. అదే ఏడాది జులై 27న, సిగ్నల్ అసలే లేని 24,680 గ్రామాలకు 4జీ చేర్చే 26,316 కోట్ల రూపాయల పథకానికి ఆమోదం తెలిపింది. రెండు పనులూ బీఎస్ఎన్ఎల్ చేతికే వచ్చాయి. 700, 2100 మెగాహెర్ట్జ్ బ్యాండ్లలో, సీడాట్ సంస్థ కోర్ నెట్‌వర్క్, బెంగళూరు తేజస్ సంస్థ రేడియోలు, వాటిని ఒకచోట కూర్చే బాధ్యత టీసీఎస్‌ది. 2025 సెప్టెంబర్ 27న ఒడిశాలోని ఝార్సుగూడ నుంచి ఆ స్వదేశీ 4జీని, దాదాపు 97,500 టవర్లతో, ప్రధాని ప్రారంభించారు. మన దేశంలో గీసి, మన దేశంలో తయారైన రేడియో అడవి అంచు టవర్ ఎక్కడం నాకు ఎంతో సంతోషం కలిగించిన విషయం. ఆ రేడియో చెవి ఎంత చురుకైనదో కొలిచి, దాన్ని ఇంకా చురుకు చేసే అవకాశం మన ఇంజనీర్ల చేతిలో ఉంది. వేరే దేశం మీద ఆధారపడి ఉంటే మన టేకు ఆకు గురించి ఎవరు ఆలోచిస్తారు?

వేగం తర్వాత అన్నాను. దానికి కారణం ఉంది. ప్రకటనల్లో చెప్పే వేగం ఎప్పుడూ టవర్ నుంచి ఫోన్‌కు వచ్చేది. సినిమా చూడాలంటే అదే కావాలి. గూడెంలో బతుకు ఆధారపడింది మాత్రం ఫోన్ నుంచి టవర్‌కు వెళ్లే దాని మీద. రేషన్ షాపులో ఈపాస్ మిషన్ మీద పెట్టిన వేలిముద్ర పైకి పోవాలి. ఉపాధి పనికి వచ్చిన కూలీల ఫొటోలు రోజుకు రెండుసార్లు యాప్‌లో పంపాలన్న నియమం 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది, ఆ ఫొటో పైకి పోవాలి. నొప్పులు మొదలైన మనిషి కోసం 108కు చేసిన పిలుపు పైకి పోవాలి. ఆ సేవ 2005లో హైదరాబాద్‌లోనే పుట్టింది, దేశమంతా నేర్చుకుంది. పుట్టిన రాష్ట్రంలోనే దాని అంకె నొక్కడానికి గుట్ట ఎక్కాల్సిన గుంపులు ఉండకూడదు. ఆశా కార్యకర్త ఏఎన్ఎంకు ఫోన్ చేసి "మేడమ్, ఇనబడుతుందా? ఇనబడుతుందా?" అని రెండుసార్లు అడుగుతుంది చూడండి, ఆ ప్రశ్న అసలు వేయాల్సింది టవర్‌ను.

4జీలో ఇందుకు ఒక చక్కని ఏర్పాటు ఉంది, ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఫోన్ దూరంలో ఉండి గొంతు అందనప్పుడు టవర్ దానికి వెడల్పు తగ్గిస్తుంది. 180 కిలోహెర్ట్జ్ సన్నని ఇరుకు దారి ఒక్కటి ఇచ్చి, నీ 0.2 వాటూ ఇందులోనే పెట్టు అంటుంది. శక్తి చెదరకుండా ఒకచోట కూడుతుంది. వేగం పడిపోతుంది గానీ మాట చేరుతుంది. ఒక వేలిముద్రకు, ఒక పిలుపుకు అది చాలు. ఫొటోకు చాలదు. అందుకే సిగ్నల్ లేనిచోట హాజరు ఫొటో తీసి ఉంచుకుని, సిగ్నల్ ఉన్నచోటికి వచ్చాక పంపే వీలు కూడా యాప్‌లో ఇవ్వాల్సి వచ్చింది. ఆ వీలు మంచిదే. కానీ సాయంత్రం పనిచోటు నుంచి రోడ్డు దాకా నడిచి వచ్చేది హాజరు వేసే మేటే, టవర్ కాదు.

పత్రంలోని మిగతా వరుసలు కూడా ఈ వినికిడి దగ్గరికే వచ్చి చేరతాయి. మైనస్ 40 నుంచి 55 డిగ్రీల వరకు పనిచేస్తుందని రాసి ఉంటుంది. మైనస్ 40 మనకు అక్కర్లేదు. మే నెలలో కొత్తగూడెం, భద్రాచలం వైపు నీడలోనే 45 దాటుతుంది. టవర్ మీద నీడ ఉండదు. పెట్టె వెనక నిలువు రెక్కల మధ్య గాలి కిందనుంచి పైకి సాగుతూ వేడిని తీసుకుపోవాలి, ఫ్యాన్ ఉండదు. కోయగూడెం ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని టేకులపల్లి మండలంలోనే ఉంది. బొగ్గు దుమ్ము ఎక్కడ వాలకూడదో అక్కడ వాలుతుంది. పత్రంలో రాసే ఐపీ65 అంటే దుమ్ము లోపలికి పోదు, నీటి ధార కొట్టినా పోదు అని అర్థం. లోపలికి పోదు సరే, రెక్కల మధ్య పేరుకుంటే? ఆ సంగతి పత్రం చెప్పదు, శుభ్రం చేసేవాళ్లు చెప్పాలి. వేడెక్కిన పెట్టె తనను తాను కాపాడుకోవడానికి ప్రసార శక్తి తగ్గించుకుంటుంది. వేడికి రిసీవర్‌లో రొద కూడా పెరుగుతుంది.

ఇంకొకటి తుప్పు. రెండు బలమైన ప్రసార ఫ్రీక్వెన్సీలు ఒక తుప్పు బోల్టు దగ్గరో, వదులు జాయింట్ దగ్గరో కలిస్తే, అక్కడ మూడో ఫ్రీక్వెన్సీ ఒకటి పుడుతుంది. అది సరిగ్గా టవర్ వినే బ్యాండ్‌లో పడితే టవర్ తన రొదలోనే తాను మునిగిపోతుంది. దీన్ని పిమ్ అంటారు. మంచి యాంటెనాకు రెండు 20 వాట్ల సంకేతాలు పంపి పరీక్షించి, ఆ రొద మైనస్ 153 డీబీసీ మించదని హామీ ఇస్తారు. యాంటెనా, రేడియో ఒకే పెట్టెలో కలిసిపోతే జంపర్ల జాయింట్లు ఉండవు, ఆ బాధ చాలావరకు పోతుంది. ఈ ఒక్క లాభానికే కలిసిన యూనిట్లను మెచ్చుకుంటాను. వర్షాకాలం నాలుగు నెలలు తడిసి, మిగతా నెలల్లో ఎండి పగిలే చోట ప్రతి జాయింటూ ఒక ప్రమాదమే.

లాభం ఉన్నచోట ఇబ్బందీ ఉంది. విడి రేడియో చెడిపోతే దాన్నొక్కదాన్నే దించి, ఇంకోటి పెడతారు. కలిసిన పెట్టెలో ఏది చెడినా మొత్తం దిగాలి, సరిగ్గా అదే కోణంలో మొత్తం మళ్లీ ఎక్కాలి. మార్చే పెట్టె హైదరాబాద్ నుంచో వరంగల్ నుంచో రావాలి, వాగు పొంగి ఉంటే ఆగాలి. వాగు దాటే వరకు గుంపులో ఫోన్లు మూగగా ఉంటాయి. అందుకని మారుమూల టవర్‌కు పరికరం ఎంచేవాళ్లు ఎంత దూరంలో ఎంత తొందరగా మారు పెట్టె దొరుకుతుందనేది కూడా చూడాలి. విడి భాగాలు జిల్లా కేంద్రంలో నిల్వ ఉంచడం ఏ సాంకేతిక పత్రంలోనూ కనిపించని వరుస, అయినా నా లెక్కలో అది ప్రసార శక్తి కన్నా ముందుండాలి.

కరెంటు లెక్క కూడా చూడాలి. టవర్ పరికరాలు 48 వోల్టుల డీసీ మీద నడుస్తాయి, కరెంటు పోతే బ్యాటరీలు ఆదుకుంటాయి. నగరంలో పెట్టే 64 దారుల 5జీ యూనిట్ ఒక్కటే ఒత్తిడి వేళ కిలోవాటు దగ్గరికి వెళ్తుంది. మూడు వైపులకు మూడు పెడితే సోలార్ పలకల మీద నడిచే అడవి టవర్ దాన్ని మోయలేదు. ఆ కరెంటులో ఎక్కువ భాగం మాట్లాడడానికే పోతుంది. వినడానికి అయ్యే ఖర్చు తక్కువ. రాత్రి బ్యాటరీ సగం అయ్యాక ప్రసారం కొంత తగ్గించుకుని, వినడం మాత్రం తగ్గించకుండా తెల్లవారే దాకా నిలిచే టవర్ అడవికి సరైన టవర్ అని నేననుకుంటాను.

చివరగా ఒక విన్నపం ఉంది, అది సర్వే చేసేవాళ్లకు. టవర్ ఎక్కడ పెట్టాలో, పెట్టింది ఎంత దూరం అందుతోందో తెలుసుకోవడానికి వాహనంలో తిరిగి కొలుస్తారు. రోడ్డు బాగుండాలి, వాగులు ఎండి ఉండాలి కాబట్టి ఆ పని వేసవిలో సులువు. కానీ వేసవిలో టేకు చెట్టు ఆకు రాల్చి మోడై నిలబడుతుంది. అప్పుడు కొలిస్తే అడవి తెరిచిన కిటికీ, అంకెలన్నీ బాగుంటాయి. తొలకరి తర్వాత కొత్త ఆకు వేసి, శ్రావణానికి అడవి మూసుకుంటుంది. ఆకు నిండా నీళ్లు. సరిగ్గా ఆ నెలల్లోనే జ్వరాలు వస్తాయి, వాగులు దారి కట్టేస్తాయి, ఫోన్ అవసరం రెట్టింపవుతుంది. కాబట్టి ఆగస్టులో కొలవండి. వాన వెలిసిన మధ్యాహ్నం, రోడ్డు మీద కాదు, గుంపు చివరి ఇంటి వాకిట్లో, వాహనం మీది యాంటెనాతో కాదు, ఆ ఇంటివాళ్ల ఫోన్‌తోనే. టవర్ నుంచి ఎంత వచ్చిందో ఒక కాలమ్‌లో రాయండి. ఫోన్ నుంచి టవర్‌కు ఎంత చేరిందో దాని పక్క కాలమ్‌లో రాయండి. టవర్ స్థలం, ఎత్తు, బ్యాండ్, యాంటెనా వంపు ఆ రెండో కాలమ్ చూసి నిర్ణయించండి.